సౌండ్ బ్లాస్టర్ ప్లే 3: హెడ్‌ఫోన్ మార్చే ముందు ఒకసారి చూడండి

కంప్యూటర్‌కి హెడ్‌ఫోన్ పెట్టగానే వెనకాల సన్నగా కీచుమని వినిపిస్తూ, మౌస్ కదిపితే ఆ కీచు కూడా మారుతూ ఉంటే ముందు హెడ్‌ఫోన్‌ని అనుమానించకండి. కొత్తది కొన్నా ఆ కీచు పోదు, పైగా మంచి హెడ్‌ఫోన్ అయితే ఇంకా బాగా వినపడుతుంది. ఆ శబ్దం పుట్టేది క్యాబినెట్ లోపల. మా ఇంట్లో దాన్ని వదిలించింది క్రియేటివ్ కంపెనీవాళ్ళ సౌండ్ బ్లాస్టర్ ప్లే 3 అనే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. ఎండాకాలం ముందు కొన్నాం, రోజూ వాడుతున్నాం, చాలా సంతోషంగా ఉన్నాం. అయితే పెట్టెలోంచి తీసి గుచ్చేస్తే అయిపోయే పని కాదిది. విండోస్‌లో రెండు మూడు చోట్ల సరిచేసుకోకపోతే డబ్బులు పెట్టి కొని కూడా పాత సౌండే వింటారు. అందుకే సెట్టింగుల గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా అవసరం ఏంటంటే, పాప కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం, టీచర్ గారు కూడా ఇక్కడే ఉండేవారు. ఆవిడ వాళ్ళబ్బాయి దగ్గరికి చెన్నై వెళ్ళిపోయాక క్లాసులన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి. స్కూల్ పాఠమైతే మాట అర్థమైతే చాలు. సంగీతానికి అది చాలదు, గమకం ఎక్కడ ఎత్తారు, ఎంత ఊపారు, ఎక్కడ ఆపారు అన్నది వినపడాలి, లేకపోతే పిల్ల ఊహించుకుని పాడేస్తుంది, ఆ తప్పు గొంతులో పడిపోయాక దిద్దడం టీచర్ గారికీ కష్టమే.

చాలామంది ఇళ్ళల్లో లాగే మా ఇంట్లో కూడా బ్లూటూత్ హెడ్‌సెట్ ఉంది. పాటలు వినేటప్పుడు బాగానే ఉంటుంది, క్లాసులో మైక్ ఆన్ అవ్వగానే టీచర్ గారి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది. కారణం ఉంది. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ వాడటం మొదలుపెట్టగానే అది ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతుంది. అప్పుడు శబ్దాన్ని సెకనుకి 8 వేల సార్లో, కాస్త మెరుగైనదైతే 16 వేల సార్లో మాత్రమే కొలుస్తుంది. సీడీలో ఆ లెక్క 44,100. పై స్థాయి శబ్దాలన్నీ కోసేసినట్టే కదా. సంగీతం క్లాసులకి మాత్రం వైరు హెడ్‌ఫోనే కొనండి, ఇందులో నాకు రెండో మాట లేదు. మేం తీసుకున్నది ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం20ఎక్స్. 47 ఓములు (ఇది కరెంటుకి హెడ్‌ఫోన్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత, ఎక్కువైతే నడపడానికి బలం ఎక్కువ కావాలి), మూడు మీటర్ల వైరు, చెవిని పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి ఆ సౌండ్ మళ్ళీ మైక్‌లోకి పోదు.

దాన్ని క్యాబినెట్ ముందు వైపు జాక్‌లో పెట్టగానే మొదలైంది ఈ కీచు. బ్రౌజర్‌లో పేజీ పైకీ కిందకీ జరుపుతుంటే చెవిలో జిర్రు జిర్రుమని ఆ జరిపే వేగంతోనే వినపడేది. ముందు జాక్ నుంచి మదర్‌బోర్డు దాకా లోపల ఒక సన్నటి వైరు వెళ్తుంది, బోర్డు మీద దాని కొసన తొమ్మిది పిన్నుల కనెక్టర్ ఉంటుంది. ఆ వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచో, పవర్ వైర్ల మధ్యనుంచో పోతుంది కాబట్టి వాటి శబ్దమంతా పట్టేసుకుంటుంది. మీ డెస్క్‌టాప్‌లో ముందు జాక్ అసలు పనిచేయకపోతే అసెంబుల్ చేసినవాళ్ళు ఈ కనెక్టర్ గుచ్చడం మర్చిపోయి ఉండొచ్చు, అది ముందు చూడమనండి. ఖర్చు లేకుండా చేసే మొదటి పని, హెడ్‌ఫోన్‌ని వెనక వైపు ఆకుపచ్చ జాక్‌లోకి మార్చడం. ఆకుపచ్చ అంటే సౌండ్ బయటికి, గులాబీ అంటే మైక్, నీలం అంటే టేప్‌రికార్డర్ లాంటివాటి నుంచి లోపలికి. చాలామందికి ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది, తీరితే సౌండ్ కార్డు కొనక్కర్లేదు. మాకు తగ్గింది కానీ పోలేదు, తంబూర నాదం మాత్రమే మోగుతున్నప్పుడు ఆ కీచు స్పష్టంగా తెలిసిపోయేది.

గవర్నర్‌పేటలో కంప్యూటర్ షాపులన్నీ తిరిగాను. చాలా చోట్ల డబ్బా చూపించి ధర చెప్తారు, విప్పరు. ఒక షాపులో మాత్రం డెమోకి పెట్టిన డెస్క్‌టాప్, వినిపించడానికి మూడు రకాల సౌండ్ కార్డులు ఉన్నాయి, "మీ హెడ్‌ఫోన్ తెచ్చుకున్నారుగా మేడం, మూడూ పెట్టి వినండి, నచ్చిందే తీసుకెళ్ళండి" అన్నాడా అబ్బాయి. నేను పాట పెట్టమంటే వద్దన్నాడు. "పాట తర్వాత, ముందు ఏమీ పెట్టకుండా వాల్యూమ్ పెంచి వినండి" అన్నాడు. ఎంత మంచి సలహానో చూడండి. పాటలో అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి, ఏమీ మోగనప్పుడే కార్డు అసలు గుణం బయటపడుతుంది. మొదటిది, బ్రాండ్ లేని చిన్న యూఎస్‌బీ డాంగిల్‌లో వాల్యూమ్ పెంచుతుంటే స్‌స్‌స్ అని చినుకుల చప్పుడులా వచ్చింది. ప్లే 3లో నిండా పెంచినా నాకు ఏమీ వినపడలేదు. మౌస్‌ని అటూ ఇటూ తిప్పి చూశాను, వీడియో పెట్టి ఆపి చూశాను, నిశ్శబ్దమే. లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కూడా వినిపించాడు, అదీ బాగుంది, కానీ మా పనికి అంత అవసరం లేదని అతనే చెప్పాడు. రెండు వేల దరిదాపుల్లో పడింది మాకు, ఆఫర్లని బట్టి ధర మారుతుంటుంది.

చూడ్డానికి పెన్ డ్రైవ్ అంత ఉంటుంది, చిన్న వైరు, ఒక కొసన యూఎస్‌బీ, రెండో కొసన హెడ్‌ఫోన్‌కి ఒకటి, మైక్‌కి ఒకటి, రెండు జాక్‌లు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 96 వేల కొలతలు, ఒక్కో కొలతకి 24 బిట్ల దాకా ప్లే చేస్తుంది. డ్రైవర్ సీడీ, ఇన్‌స్టాలేషన్ గొడవ ఏమీ లేదు, విండోస్ తనంతట తానే గుర్తుపడుతుంది. యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టాలేమో అని కొందరు అడుగుతుంటారు, అవసరం లేదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్టీరియోకి సెకనుకి 46 లక్షల బిట్లు చాలు, పాత తరం యూఎస్‌బీ కూడా సెకనుకి కోటీ 20 లక్షల బిట్లు మోస్తుంది. పోర్టు ఏ తరం అన్నదానికంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. క్యాబినెట్ వెనక, మదర్‌బోర్డుకి నేరుగా ఉన్న పోర్టులో పెట్టండి. పెన్ డ్రైవ్‌లు, ప్రింటరు, కీబోర్డు అన్నీ వేలాడుతున్న హబ్‌లో పెడితే మధ్యలో టక్ టక్‌మని తెగుతుంది.

ఇక అసలు పని. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరవండి, కొత్త సెట్టింగ్స్ పేజీ కంటే పాత కంట్రోల్ ప్యానెలే నాకు దీనికి సులువు. ప్లేబ్యాక్‌లో మీ కార్డు, మదర్‌బోర్డు సౌండు, హెచ్‌డీఎంఐ మానిటర్ ఉంటే అదీ, అన్నీ వరసగా కనపడతాయి. కార్డు మీద రైట్ క్లిక్ చేసి డిఫాల్ట్ డివైస్‌గా పెట్టండి. అక్కడితో ఆగకండి, దాని కిందే డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైస్ అని ఇంకోటి ఉంటుంది, అది కూడా దీనికే ఇవ్వండి. విండోస్‌కి ఈ రెండూ వేరు వేరు. పాటలు కొత్త కార్డులోంచి వచ్చి, క్లాసు మాత్రం మానిటర్ స్పీకర్లోంచి వచ్చే వింత ఇందువల్లే జరుగుతుంది. తర్వాత రికార్డింగ్‌లోకి వెళ్ళి మైక్‌కి కూడా ఇదే చేయండి, చాలామంది ఇది వదిలేస్తారు, పిల్ల కొత్త మైక్‌లో పాడుతుంటే కంప్యూటర్ వెబ్‌క్యామ్ మైక్‌ని వింటూ కూర్చుంటుంది.

పక్కనే కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంది, దీన్ని ఎవరూ తెరవరు. కాల్ వచ్చినట్టు విండోస్‌కి అనిపిస్తే మిగతా సౌండ్లన్నీ 80 శాతం తగ్గించేలా మామూలుగానే పెట్టి ఉంటుంది. టీచర్ గారు మాట్లాడగానే కంప్యూటర్లో మోగే తంబూర పాతాళంలోకి పోతోందంటే ఇదే కారణం. డూ నథింగ్ అని మార్చేయండి. ఆ తర్వాత కార్డు ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ (సౌండ్‌కి విండోస్ కలిపే హంగులు) అన్నీ తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి, వీడియోలు, క్లాసులు ఎక్కువగా 48లోనే ఉంటాయి కాబట్టి మార్పిడి లేకుండా వస్తాయి. పాటల సీడీలు మాత్రమే వినేవాళ్ళయితే 44.1 మేలు. 96 పెట్టినంత మాత్రాన మామూలు పాట మెరుగుపడిపోదు.

క్లాసు యాప్‌లో కూడా ఒకటి మార్చాలి, సంగీతం నేర్చుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇది తెలియాలి. ఈ యాప్‌లు మాట కోసం తయారైనవి. ఆగకుండా ఒకేలా మోగే శబ్దాన్ని అవి ఫ్యాన్ చప్పుడనో, ఏసీ చప్పుడనో అనుకుని కోసేస్తాయి. తంబూర కూడా ఆగకుండా ఒకేలా మోగేదే కదా! పాప శ్రుతిపెట్టె పెట్టుకుని పాడుతున్నా అవతల టీచర్ గారికి శ్రుతి వినపడేది కాదు, దీర్ఘం పట్టి నిలిపిన స్వరం కూడా మధ్యలో మాయమయ్యేది. జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ అని ఉంది, అది ఎంచుకుని, క్లాసు మొదలయ్యాక పైన కనిపించే బటన్ కూడా నొక్కాలి. దాని కింద హై ఫిడిలిటీ మ్యూజిక్ మోడ్ టిక్ పెట్టండి. ఎకో క్యాన్సిలేషన్ తీసేస్తే ఇంకా బాగుంటుంది, కానీ అప్పుడు హెడ్‌ఫోన్ తప్పనిసరి, స్పీకర్లో పెడితే టీచర్ గారి గొంతు ఆవిడకే తిరిగి వినపడుతుంది.

ఇది పెట్టగానే తంబూర వినపడింది, దాంతో పాటు ఇంకోటి కూడా బయటపడింది. "అక్కడ ఇంకో శ్రుతిపెట్టె మోగుతోందా అమ్మా?" అని అడిగారు టీచర్ గారు. మోగట్లేదు. మైక్‌లో కరెంటు మోత. అన్నాళ్ళూ యాప్ దాన్ని కూడా కోసేస్తూ వచ్చింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దాని మోత 50, 100, 200 హెర్ట్జ్‌ల దగ్గర వినపడుతుంది. పాప పాడేది ఐదు శ్రుతిలో, ఆ షడ్జం 196 హెర్ట్జ్. అంటే కరెంటు మోత సరిగ్గా పాప షడ్జం పక్కనే, పిసరు పైన నిలబడింది. అర స్వరంలో మూడో వంతు ఎక్కువ. వేరే శ్రుతి అయితే అది చప్పుడని తెలిసిపోయేది, ఇది మాత్రం తంబూరలో కలిసిపోయి దాన్నే కొంచెం పైకి లాగినట్టు వినపడుతుంది. పాప తన రికార్డింగులు విని సాధన చేస్తుంది కాబట్టి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

దీన్ని ఇలాంటి మామూలు యూఎస్‌బీ సౌండ్ కార్డు తీయలేదు, ఈ విషయం షాపుల్లో చెప్పరు. ఇంట్లో మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్ళల్లో ఆ మూడో పిన్నుకి వైరే ఉండదు, ఉన్నా ఆ వైరు నేలలోకి దిగే ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుంది. కంప్యూటర్ పవర్ సప్లైలో శబ్దం వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, అవి కాస్త కరెంటుని క్యాబినెట్ రేకులోకి వదులుతాయి, అది ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే రేకులోనే ఉండిపోతుంది. తడి చేత్తోనో, చెప్పుల్లేకుండానో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనేది అదే. యూఎస్‌బీ గ్రౌండ్ ఆ రేకుతోనే కలిసి ఉంటుంది కాబట్టి మోత నేరుగా మైక్‌లోకి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరిచేయించాం. మోత పోయింది, జివ్వుమనడమూ పోయింది. మైక్ సంగతి పక్కన పెట్టినా, పిల్లలు కూర్చునే కంప్యూటర్‌కి ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి, దయచేసి.

రాత్రిపూట ఈ కార్డు నాది. మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది, అక్కడి పాత భక్తిరంజని రికార్డింగులంటే నాకు ప్రాణం. మోనోలో ఉంటాయి, అంటే రెండు చెవుల్లోకీ ఒకటే శబ్దం, గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో వినపడాలి. ఇదివరకు వినని చిన్న చిన్నవి ఇప్పుడు వినపడుతున్నాయి, పాడేవారు ఊపిరి తీసుకోవడం, మృదంగం ఎడమ వైపు గుంకీ, పేజీ తిప్పిన చప్పుడు.

ఈ మోనో పాటలతో ఒక మంచి పరీక్ష ఉంది. మీ హెడ్‌ఫోన్‌లో సినిమా పాట పెడితే సంగీతం వస్తూ గాయకుడి గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటే, అదే జాక్‌లో మోనో పాట పెట్టి చూడండి. అది దాదాపు వినపడకుండా పోతే పిన్నుకి గ్రౌండ్ (రెండు చెవులకీ ఉమ్మడిగా ఉండే తిరుగు దారి) అందడం లేదని అర్థం. అప్పుడు కుడి ఎడమలకి ఉన్న తేడా మాత్రమే చెవికి చేరుతుంది, మధ్యలో ఉన్న గొంతు రెండు వైపులా ఒకటే కాబట్టి కొట్టేసుకుంటుంది. పిన్ను గట్టిగా లోపలికి నొక్కండి. ఫోన్‌తో వచ్చిన హెడ్‌సెట్ అయితే దాని పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, డెస్క్‌టాప్ పాత జాక్‌లకి రెండు గీతల పిన్ను సరిపోతుంది. మైక్ బటన్ నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగి వచ్చిందంటే సందేహమే లేదు, పిన్ను రకం తేడానే. బీసెంట్ రోడ్డులో మొబైల్ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర స్ప్లిటర్ కేబుల్ దొరుకుతుంది, ఒక వైపు హెడ్‌సెట్, రెండో వైపు హెడ్‌ఫోన్‌కీ మైక్‌కీ విడివిడిగా రెండు పిన్నులు. చొక్కాకి పెట్టుకునే కాలర్ మైక్‌లు కూడా చాలావరకు ఫోన్ కోసం మూడు గీతల పిన్నుతో వస్తాయి, కంప్యూటర్ మైక్ జాక్‌లో అవి పలకకపోతే చిన్న అడాప్టర్ చాలు, మైక్ పారేయకండి.

దీంట్లో లేనివి కూడా తెలుసుకుని కొనండి. కార్డు మీద వాల్యూమ్ తిప్పే బిళ్ళ లేదు, కీబోర్డు మీదో స్క్రీన్ మీదో తగ్గించుకోవాలి. మామూలు యూఎస్‌బీ పిన్నే కాబట్టి టైప్ సీ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్‌కి అడాప్టర్ కావాలి. 250 ఓముల స్టూడియో హెడ్‌ఫోన్‌లు వాడేవాళ్ళకి ఇంత చిన్నదాంట్లోంచి నిండుగా సౌండ్ ఆశించమని నేను చెప్పను, 32 నుంచి 80 ఓముల మధ్య ఉన్నవాటికి ఇది హాయిగా సరిపోతుంది. వెనక శబ్దం లేకపోవడం వల్ల తక్కువ వాల్యూమ్‌లోనే అన్నీ వినపడతాయి, పిల్లల విషయంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పిల్లలకి వారానికి 40 గంటలు వింటే 75 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, పెద్దవాళ్ళకి 80. ఇంట్లో కొలవలేం కాబట్టి మేం పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, పాప హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు చెయ్యి చాపినంత దూరంలో నేను మామూలు గొంతుతో పిలిస్తే తనకి వినపడాలి. మే నెలలో మన బెజవాడ ఎండలకి చెవిని కప్పేసే ఏ హెడ్‌ఫోన్ అయినా చెమట పట్టిస్తుంది, క్లాసు మధ్యలో తీసి తుడుచుకోనివ్వండి, ఆ మెత్తలు కూడా ఎక్కువకాలం వస్తాయి.

5.1 స్పీకర్లు (ఆరు స్పీకర్ల సెట్టు) ఉన్నవాళ్ళు దీని జోలికి రావద్దు, ఇది స్టీరియో మాత్రమే. పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకునేవాళ్ళు కూడా దీని మైక్ జాక్‌లో టేప్‌రికార్డర్ పెట్టకండి, అది మైక్ కోసం చేసింది. మదర్‌బోర్డు వెనక నీలం జాక్ ఉంటే దానికి పెట్టండి, వినడానికి మాత్రం ఇది వాడుకోండి, రెండూ ఒకేసారి పనిచేస్తాయి. లోపల బిగించే కార్డే కావాలంటే షాపుకి వెళ్ళే ముందు క్యాబినెట్ మూత తీసి పీసీఐ ఎక్స్‌ప్రెస్ చిన్న స్లాట్ ఖాళీగా ఉందో, గ్రాఫిక్స్ కార్డు దాన్ని కప్పేసిందో ఫోన్‌తో ఫొటో తీసుకెళ్ళండి, ఆ ఫొటో చూపిస్తే పట్టేది ఏదో పట్టనిది ఏదో వాళ్ళే చెప్తారు.